మిస్ మార్పుల్ అభిమానులకు: 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' గురించి మాట్లాడుకుందాం (హంతకుడి పేరు మాత్రం వద్దు)

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 9:12

అగాథా క్రిస్టీ 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' మళ్లీ చదివాను. 1950లో వచ్చిన నవల ఇది. ఆవిడ యాభయ్యో పుస్తకమని ప్రచురణకర్తలు అప్పట్లో గట్టిగా ప్రచారం చేశారు. హత్యల చిక్కుముడులు విప్పే ముసలావిడ మిస్ మార్పుల్ నవలలన్నిట్లో నాకు దీనిమీదే ఎక్కువ ఇష్టం. మీలో ఎంతమంది చదివారో తెలుసుకోవాలనీ, చదవనివాళ్లతో చదివించాలనీ ఇది రాస్తున్నాను.

మొదలే ఎంత బాగుంటుందో చూడండి. చిప్పింగ్ క్లెగ్‌హార్న్ అని ఇంగ్లండులో ఒక చిన్న ఊరు. పొద్దున్నే ఒక కుర్రాడు సైకిల్ మీద ఇంటింటికీ పేపర్లు వేసుకుంటూ పోతాడు. శుక్రవారాల్లో స్థానిక వారపత్రిక కూడా వస్తుంది. దాంట్లో అందరూ ముందు తిరగేసేది చిన్న ప్రకటనల పేజీనే. అమ్మకానికున్న పాత సామాన్లు, పనిమనిషి కావాలనే ప్రకటనలు, కుక్కపిల్లలు... వాటి మధ్యలో ఒకటి: అక్టోబర్ 29 శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి లిటిల్ ప్యాడక్స్ అనే ఇంట్లో హత్య జరుగుతుంది, మిత్రులు దీన్నే పిలుపుగా అనుకోవాలి అని. ఒక్కో ఇంట్లో ఎవరు ఎలా చదివారు, చదివి ఏమన్నారు అన్నదే మొదటి అధ్యాయమంతా. హత్య ఇంకా జరగనే లేదు, ఊళ్లో సగంమంది మనకు పరిచయమైపోతారు.

ఆ ఇంటావిడ లెటీషియా బ్లాక్‌లాక్‌కి ఆ ప్రకటన ఎవరిచ్చారో తెలియదు. అయినా సాయంత్రానికి ఊరు ఊరంతా దిగుతుందని తెలుసు, అందుకే వచ్చేవాళ్లకోసం షెర్రీ సిద్ధం చేయిస్తుంది. అన్నట్టే వస్తారు. ఏదో ఇటుగా వెళ్తూ వచ్చామన్నట్టు తలా ఒక సాకు చెప్తారు. గడియారం ఆరున్నర కొట్టగానే దీపాలు ఆరిపోతాయి. తలుపు తెరుచుకుని ఎవరో టార్చిలైటు మొహాలమీద కొట్టి చేతులు పైకెత్తమంటాడు. ఇదంతా ఆట అనుకుని అందరూ సంబరపడుతుంటే తుపాకీ పేలుతుంది. వెలుతురు వచ్చాక చూస్తే టార్చి పట్టుకున్నవాడే చచ్చి పడి ఉంటాడు.

నాకు అన్నిటికంటే నచ్చేది దీని తర్వాత వచ్చే భాగం. మిస్ మార్పుల్ అల్లికపని చేతిలో పట్టుకుని ఆ ఊరికొస్తుంది. టీకి పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్తుంది, అడగకుండానే జనం చెప్పేదంతా వింటుంది. పోలీసులు పనికిమాలిన కబుర్లని వదిలేసినవాటిల్లోంచే నిజం బయటికి లాగుతుంది. ఇల్లు నడిపే ఆడవాళ్లకు తెలిసే సంగతుల్ని, అంటే ఎవరి ఇంట్లో ఏం వండారు, ఏ వస్తువు ఎక్కడినుంచి ఎక్కడికి మారింది, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారు అన్నవాటిని, ఇంత గౌరవంగా చూసిన అపరాధ పరిశోధన నవల నేను ఇంకోటి చదవలేదు.

---

రాత్రిబండి | శుక్రవారం, రాత్రి 10:03

అక్కా, నేను మూడోవంతు దాకా చదివి పక్కన పెట్టాను. మొదలు మీరన్నట్టు అద్భుతం. కానీ హత్య అయ్యాక ఇన్‌స్పెక్టర్ క్రాడాక్ ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి వెళ్లడం, ప్రతివాళ్లూ అదే సాయంత్రం గురించి మళ్లీ మళ్లీ చెప్పడం, మధ్యలో టీ, కోళ్లు, తోటపని. టెన్షన్ ఏది? నాకు వెంటాడటాలు కావాలి, ఒకడు పారిపోతుంటే ఇంకొకడు పట్టుకోవాలి. ఈ కోజీ మిస్టరీల్లో, అంటే చిన్న ఊళ్లో తెలిసినవాళ్ల మధ్య మెల్లగా నడిచే హత్యకథల్లో, రక్తం కనబడదు, చచ్చినవాడికోసం ఎవరూ ఏడవరు. అది నాకు కొంచెం ఇబ్బందిగా కూడా అనిపించింది. ఒక మనిషి పోయాడు కదా!

---

పాతపుస్తకం | శుక్రవారం, రాత్రి 10:41

రాత్రిబండి గారూ, మీరు పక్కన పెట్టిన చోటే అసలు ఆట మొదలవుతుందండి.

మా తరం కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని పెరిగింది. యుగంధర్ వృత్తి డిటెక్టివ్. ఆయనకు ఆఫీసుంది, అసిస్టెంట్ రాజు ఉన్నాడు, అవసరమైతే తుపాకీ తీస్తాడు. ఆపద వచ్చినవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. ఆ నవలల ఊపు వేరు, నాకిప్పటికీ ప్రాణం. మిస్ మార్పుల్‌కి వాటిలో ఏదీ లేదు. ఫీజు లేదు, అధికారం లేదు, ఒకరిని ప్రశ్నించే హక్కు కూడా లేదు. ఈ నవలలో ఆవిడ పక్క ఊళ్లో ఒక హోటల్లో కీళ్లనొప్పుల వైద్యానికి దిగి ఉంటుంది. ఖర్చు మేనల్లుడు రేమండ్ పెట్టుకున్నాడు. చచ్చిపోయిన మనిషి ఆ హోటల్లో పనిచేసినవాడే. ఆవిడ చెక్కు మీద అంకె దిద్దాడని ఆవిడకు ముందే తెలుసు. అలా కేసులోకి వస్తుంది.

అధికారం లేనివాళ్లు నిజం తెలుసుకోవాలంటే ఉన్న దారి ఒక్కటే, జనం వాళ్లంతట వాళ్లు మాట్లాడాలి. అందుకే ఆ వాంగ్మూలాల అధ్యాయాలు అంత ముఖ్యం. చీకట్లో జరిగిన ఒక్క నిమిషాన్ని అంతమంది చెప్తారు. ఒకరు చూసింది చెప్తారు, ఇంకొకరు చూశాననుకున్నది చెప్తారు, మరొకరు పక్కవాళ్ల మాట విని తనే చూసినట్టు చెప్తారు. టార్చి వెలుగు కళ్లలో పడినవాళ్లకు గదిలో ఏం కనబడి ఉంటుందో ఒకసారి ఆలోచించి ఆ పేజీలు మళ్లీ చదవండి. ఇంతకంటే ఎక్కువ చెప్పను.

---

తెనాలి_పాఠకురాలు | శుక్రవారం, రాత్రి 11:20

పాతపుస్తకం గారు చెప్పింది బాగుంది. చచ్చినవాడికోసం ఎవరూ ఏడవరన్న మాటకి మాత్రం నేను జవాబు చెప్పాలి. ఈ నవలలో దుఃఖం ఉంది బాబూ, అది శవం దగ్గర ఉండదు.

డోరా బన్నర్ గుర్తుందా? లెటీషియాతో చిన్నప్పుడు చదువుకున్న స్నేహితురాలు, ఇప్పుడు అదే ఇంట్లో ఉంటుంది. మతిమరుపు మనిషి, మాట ఒకచోట మొదలుపెట్టి ఇంకోచోట తేలుతుంది. ఊరివాళ్లు ఆవిడ మాట పట్టించుకోరు. ఒకరోజు మిస్ మార్పుల్ బ్లూబర్డ్ అనే కాఫీ దుకాణంలో ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పిందంతా ఓపిగ్గా వింటుంది. డోరా తన పాత రోజుల గురించి చెప్పుకొస్తుంది. ఉద్యోగానికి వెళ్తే వయసు మీరిందని పంపేయడం, అద్దె కట్టలేకపోవడం, అతుకులేసుకున్న బట్టలు బయటికి కనబడకుండా తిరగడం. ఇంక దారిలేక లెటీషియాకి ఉత్తరం రాస్తే ఆవిడ వచ్చి తీసుకెళ్లడం. పెళ్లి, పిల్లలు, ఆస్తి ఏదీ లేని ఆడమనిషికి వయసు పైబడితే లోకం ఎలా ఉంటుందో క్రిస్టీ ఒక కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పేసింది. హంతకుడెవరో తెలిశాక ఆ సంభాషణకు మళ్లీ వెళ్లి చూడండి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా అమ్మమ్మ వీధి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూనే ఏ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేది. పాలవాడు ఫలానా ఇంట్లో రోజూ పోసే పాలు సగం చేశాడంటే కొడుకు వేరుపడ్డాడని ఆవిడకు తెలిసిపోయేది. మగవాళ్లు దాన్ని చాడీలు అని తీసిపారేసేవాళ్లు. మిస్ మార్పుల్ని మొదటిసారి చదివినప్పుడు అమ్మమ్మ తెలివిని ఎవరో గుర్తించినట్టు అనిపించింది. అందుకే ఈ పుస్తకాల మీద నాకంత ప్రేమ.

---

రాత్రిబండి | శనివారం, ఉదయం 7:55

సరే అమ్మా, మీరందరూ ఇంతగా చెప్తున్నారు కాబట్టి మళ్లీ మొదలుపెడతాను. డోరాని నేను నిజంగానే వేగంగా దాటేశాను.

---

లీసెస్టర్_తెలుగు | శనివారం, మధ్యాహ్నం 1:30

ఇక్కడ ఇంగ్లండులో ఉంటున్నవాడిగా ఒక మాట కలుపుతాను. ఈ నవలకు కాలం చాలా ముఖ్యం. యుద్ధం 1945లో ముగిసింది గానీ ఇక్కడ రేషన్ ఇంకా చాలా ఏళ్లు నడిచింది. యుద్ధంలో కూడా లేని రొట్టె రేషన్ 1946లో పెట్టి 1948 దాకా ఉంచారు. పంచదార రేషన్ 1953లో పోయింది, మాంసం మీద రేషన్ 1954 జూలైలో గానీ ఎత్తేయలేదు. బొగ్గు దొరికేది కాదు. ఆ సాయంత్రం లిటిల్ ప్యాడక్స్‌కి వచ్చిన ప్రతివాళ్లూ అప్పుడే సెంట్రల్ హీటింగ్ వెలిగించారే అంటారు. ఇప్పటి పాఠకుడికి అది ఉత్త మర్యాద మాటలా ఉంటుంది, అప్పటివాళ్లకు మాత్రం పెద్ద విషయం. ఊళ్లోవాళ్లు ఒకరికొకరు వెన్న, గుడ్లు, కూరగాయలు చాటుగా మార్చుకుంటుంటారు. అందువల్లే కొన్ని ఇళ్ల వెనక తలుపులు తాళం లేకుండా తెరిచే ఉంటాయి. ఎవరు ఏ తలుపులోంచైనా రావచ్చు. ఆవిడ ఆ రోజుల జీవితాన్ని కథకి పునాదిగానే వాడుకుంది.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. యుద్ధానికి ముందు అలాంటి ఊళ్లలో ఎవరు ఎవరి బిడ్డో అందరికీ తెలుసు. కొత్తవాళ్లు వస్తే ఎవరో తెలిసినవాళ్ల ఉత్తరం పట్టుకొచ్చేవాళ్లు. యుద్ధం తర్వాత పెద్ద ఇళ్లు అమ్ముడుపోయాయి, విదేశాల నుంచి జనం తిరిగొచ్చారు. ఈ కథలో కల్నల్ ఈస్టర్‌బ్రుక్ మన ఇండియాలో పనిచేసి వచ్చినవాడే, తన మాటల్లో అది గుర్తుచేస్తూనే ఉంటాడు. 1947 తర్వాత అలా తిరిగొచ్చి పల్లెల్లో స్థిరపడినవాళ్లు ఇక్కడ చాలామంది. వాళ్ల దగ్గర ఉన్నదల్లా ఒక గుర్తింపు కార్డు, ఒక రేషన్ పుస్తకం. వాటిమీద ఫొటో ఉండదు, వేలిముద్ర ఉండదు. పక్కింటి మనిషి తానెవరని చెప్పుకుంటే అదే నమ్మాలి. 1952లో ఆ కార్డులు రద్దు చేసేదాకా అదే పరిస్థితి. మిస్ మార్పుల్, క్రాడాక్ ఇద్దరూ దీని గురించి మాట్లాడుకునే చోటు నాకు నవలకంతటికీ గుండెకాయ అనిపిస్తుంది. పూల కుండీలు, టీ కప్పుల వెనక అంత పెద్ద భయం దాగి ఉంది.

రాత్రిబండి గారూ, మీరడిగిన టెన్షన్ అదే.

---

ఓరుగల్లు_కుర్రాడు | శనివారం, సాయంత్రం 6:18

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ నవలలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను. మీరు చెప్తుంటే మస్తు ఆసక్తిగా ఉంది, కానీ పేర్లు చూస్తేనే భయమేస్తోంది. ఇంతమందిని ఎట్ల గుర్తుపెట్టుకోవాలి? భాష కష్టమా?

---

గోదారిగట్టు | శనివారం, రాత్రి 8:02

భయం వద్దు తమ్ముడూ. క్రిస్టీ ఇంగ్లిష్ చాలా సులువు. వాక్యాలు చిన్నవి, పేజీలో సగానికిపైగా మాటలే ఉంటాయి. వర్ణనలు తక్కువ. ఇంగ్లిష్ నవలలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఎప్పుడూ ఈవిడనే చెప్తాను, ఎందుకంటే తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రమే తెలియని పదాల మీదుగా లాక్కుపోతుంది. డిక్షనరీ ప్రతి పదానికీ తీయకు.

పేర్లకు ఒక ఉపాయం ఉంది. మనుషుల్ని విడివిడిగా కాకుండా ఇళ్లవారీగా ఒక కాగితం మీద రాసుకో. లిటిల్ ప్యాడక్స్‌లో లెటీషియా, డోరా, చుట్టాలమంటూ వచ్చి ఉంటున్న ప్యాట్రిక్, జూలియా, అద్దెకుంటూ తోటపని చేసుకునే ఫిలిపా, వంటమనిషి మిట్జీ. బౌల్డర్స్ అనే ఇంట్లో హించ్‌క్లిఫ్, మర్గట్రాయిడ్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు, వాళ్లకు కోళ్లు, పందులు. చర్చి పాస్టర్ ఇంట్లో ఆయన, భార్య బంచ్, ఒక పిల్లి. మిస్ మార్పుల్ దిగేది ఇక్కడే, బంచ్ ఆవిడకు కూతురిలాంటిది. ఇంకో ఇంట్లో కల్నల్, ఆయన భార్య. మరో ఇంట్లో స్వెటన్‌హామ్ తల్లీకొడుకులు. ఇంతే. రెండు అధ్యాయాలు అయ్యేసరికి కాగితం చూడాల్సిన పని ఉండదు, ఎందుకంటే ఒక్కొక్కరి మాటతీరు ఒక్కోలా ఉంటుంది. హించ్‌క్లిఫ్ మిలిటరీ మనిషిలా తెంపి మాట్లాడుతుంది, మర్గట్రాయిడ్ అన్నిటికీ కంగారుపడుతుంది. పేరు తీసేసినా ఎవరు మాట్లాడుతున్నారో చెప్పొచ్చు.

చదువుతున్నప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడ అడుగు, కథ చెప్పేయకుండా సాయం చేస్తాం.

---

మందులకొట్టు | శనివారం, రాత్రి 9:47

ఫార్మసిస్టుని కాబట్టి నాకు క్రిస్టీ మీద ప్రత్యేకమైన అభిమానం. ఆవిడ పుట్టింది 1890లో, డెవన్‌లోని టార్కీ పట్టణంలో. మొదటి ప్రపంచయుద్ధంలో అక్కడి ఆసుపత్రిలో ముందు నర్సుగా, తర్వాత మందులు కలిపే విభాగంలో పనిచేసింది. 1917లో అపోథికరీల (మందులు కలిపి ఇచ్చేవాళ్ల) పరీక్ష కూడా పాసైంది. అప్పట్లో మాత్రలు డబ్బాల్లో రావు కదా, ప్రతిదీ తూచి, కలిపి ఇవ్వాలి. ఏ మందు ఎంత మోతాదు దాటితే విషమవుతుందో చేత్తో చేసిన మనిషి ఆవిడ. మొదటి నవలని ఫార్మాస్యూటికల్ జర్నల్ ప్రత్యేకంగా మెచ్చుకుంది, ఆ మెప్పుని ఆవిడ జీవితాంతం గర్వంగా చెప్పుకుంది. రెండో యుద్ధంలో మళ్లీ లండన్‌లో యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్ మందుల విభాగంలో చేసింది.

ఈ నవలలో కూడా ఒకచోట మాత్రలు వస్తాయి, ఆస్పిరిన్ సీసా. అందరి ఇళ్లలో ఉండే వస్తువు. కోజీ మిస్టరీల్లో నన్ను పట్టేసే గుణం ఇదే. ఆయుధం ఎక్కడినుంచో రాదు, బీరువాలోనో, వంటింట్లోనో, మంచం పక్క బల్లమీదో ఉంటుంది. రోజూ చూసేదే కాబట్టి అనుమానం రాదు.

ఆవిడ విషాల గురించి రాసిన చోట లక్షణాలు, పట్టే సమయం వృత్తివాళ్లు చదివినా ముఖం చిట్లించుకోకుండా ఉంటాయి. చాలామంది రచయితలు ఈ శ్రమ తీసుకోరు. సినిమాల్లో చుక్క నోట్లో పడగానే మనిషి కూలిపోవడం చూసినప్పుడల్లా నాకు క్రిస్టీయే గుర్తొస్తుంది.

---

కాగితంపడవ | ఆదివారం, ఉదయం 10:15

అందరూ మెచ్చుకుంటున్నారు, నాకూ నవల ఇష్టమే. కానీ మిట్జీ విషయంలో నాకు బాధ ఉంది. ఆమె యూరప్ నుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చిన అమ్మాయి. తనవాళ్లని కళ్లెదుటే చంపారని చెప్తుంది. పోలీసుల్ని చూస్తే వణుకుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం ఆమెను అబద్ధాలకోరు అంటారు, ఆమె భయాన్ని నవ్వులాటగా తీసుకుంటారు. 1950లో, యుద్ధం ముగిసి ఐదేళ్లయినా కాకుండా, అలాంటి మనిషిని వినోదపాత్ర చేయడం నాకు మింగుడుపడదు. పల్లె అందాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ పల్లెలో ఎవరికి చోటు లేదో కూడా చూడాలి.

---

తెనాలి_పాఠకురాలు | ఆదివారం, ఉదయం 11:02

మీ మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. ఆ సన్నివేశాలు చదువుతుంటే నాకూ ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. అయితే లెటీషియా ఒకచోట, ఆ అమ్మాయి కథలన్నిటి అడుగునా ఏదో ఒక నిజం ఉందనే అంటుంది. మిట్జీ చెప్పే మాట ఒకటి కథలో ఎంత బరువైనదో చివర్లో తెలుస్తుంది. ముగింపులో ఆమె చేసే పని మామూలు ధైర్యం కాదు. అయినా క్రిస్టీ ఆమెకు మనసు పూర్తిగా ఇవ్వలేదు, అది నిజమే. డోరా పేదరికం ముందు చూపించిన జాలి మిట్జీ భయం ముందు చూపించి ఉంటే ఈ నవల ఇంకా ఎత్తుకు వెళ్లేది.

---

లీసెస్టర్_తెలుగు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

కాగితంపడవ గారూ, ఈ చర్చలో ఇది రావాల్సిన మాటే. ఆ రోజుల్లో శరణార్థి స్త్రీలు చాలామందికి ఇక్కడ దొరికిన పని ఇళ్లలో వంట, ఊడిగం. చదువుకున్నవాళ్లు కూడా అదే చేశారు. మిట్జీ కూడా తను చదువుకున్నదాన్నని మాటిమాటికీ చెప్తుంది, ఎవరూ వినరు. రచయిత్రి ఉద్దేశం ఏదైనా, ఆ ఊరు ఆమెను ఎలా చూసిందో మాత్రం ఉన్నదున్నట్టు పేజీలో మిగిలింది.

చాక్లెట్ కేక్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదేం? డోరా పుట్టినరోజుకి మిట్జీ చేసే కేకు. అది నోట్లో పెట్టుకుంటే హాయిగా చచ్చిపోవచ్చన్నట్టు ప్యాట్రిక్ దానికో పేరు కూడా పెడతాడు. వెన్న, పంచదార, చాక్లెట్ అన్నీ కరువైన కాలంలో ఒక్క కేకుకోసం ఎన్ని రోజుల రేషన్ పోయి ఉంటుందో ఆలోచిస్తే, ఆ టీ పార్టీకి వచ్చినవాళ్ల ఆనందం అర్థమవుతుంది. అభిమానులు ఇప్పటికీ ఆ కేకు చేసుకుంటుంటారు.

---

నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

ఒక సభ్యుడు దీపం గురించి, ఒక నెక్లెస్ గురించి వివరంగా రాసిన పోస్ట్ తొలగించాను. విశ్లేషణ చక్కగా ఉంది, కానీ చదవనివాళ్లకు కథ తెలిసిపోతుంది. నవల పూర్తిచేసినవాళ్ల కోసం విడిగా ఒక చర్చ తెరిచాను, ఆ పోస్ట్ అక్కడ పెట్టాను. దయచేసి క్లూల లోతు అక్కడ తవ్వండి.

---

రాత్రిబండి | సోమవారం, రాత్రి 11:50

పూర్తయింది! బయట పెట్టకూడదు కాబట్టి ఎక్కువ రాయలేను. ఒకటి మాత్రం చెప్పాలి. రచయిత్రి ఏదీ దాచలేదు. అన్నీ మన కళ్లముందే పెట్టింది. మొదటి అధ్యాయాలకు వెనక్కి వెళ్లి చూస్తే ఒక్కో మాటా నన్నే చూస్తున్నట్టుంది. వెంటాడటం లేదని గోల పెట్టాను గానీ, హించ్‌క్లిఫ్, మర్గట్రాయిడ్ ఇద్దరూ ఆ సాయంత్రాన్ని మళ్లీ నటించి చూసుకునే ఘట్టం నుంచి పుస్తకం కింద పెట్టలేకపోయాను. మర్గట్రాయిడ్ నోట వచ్చే ఆ ఒక్క చిన్న మాట! ఆ తర్వాత హించ్‌క్లిఫ్ పడే వేదన! తెనాలి అమ్మా, దుఃఖం ఉందన్నారు చూశారా, నిజం.

ఇలాంటి 'అన్నీ కళ్లముందే పెట్టే' నవలలకు అప్పట్లో నియమాలేమైనా ఉండేవా?

---

పాతపుస్తకం | మంగళవారం, ఉదయం 6:30

ఉండేవి. రోనాల్డ్ నాక్స్ అనే ఆయన చర్చి ఫాదర్, తనూ అపరాధ పరిశోధన నవలలు రాసేవాడు. 1929లో పది నియమాలు రాశాడు. దయ్యాలు, మంత్రాలు పనికిరావు. డిటెక్టివ్ తనకు దొరికిన క్లూ పాఠకుడికి చూపించాలి. డిటెక్టివే హంతకుడు కాకూడదు. రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు. ఇలా సాగుతాయి. మరుసటి ఏడాది లండన్‌లో డిటెక్షన్ క్లబ్ ఏర్పడింది, అందులో చేరే రచయితలు పాఠకుణ్ని మోసం చేయబోమని ప్రమాణం చేసేవాళ్లు. క్రిస్టీ మొదటినుంచీ సభ్యురాలు, 1957 నుంచి చనిపోయేదాకా అధ్యక్షురాలు కూడా.

నాకు మాత్రం నియమాలకంటే ఆవిడ నేర్పు గొప్పదనిపిస్తుంది. క్లూని దాచదు, నవ్వించే మాటలోనో, విసుగు పుట్టించే మాటలోనో పెడుతుంది. మనం నవ్వి ముందుకు పోతాం. మీరు దాటేసిన డోరా కబుర్లే ఉదాహరణ.

---

కాగితంపడవ | మంగళవారం, సాయంత్రం 5:25

తెరమీద చూడాలనుకునేవాళ్లకు బీబీసీ సీరియల్లో జోన్ హిక్సన్ మిస్ మార్పుల్ తప్పకుండా చూడమంటాను. 1984 నుంచి 1992 దాకా పన్నెండు నవలలూ తీశారు. ఇందులో విశేషమేంటంటే, 1946లో హిక్సన్ ఒక నాటకంలో నటించగా చూసి, ఎప్పటికైనా మీరు నా మిస్ మార్పుల్‌గా చేయాలని క్రిస్టీ ఉత్తరం రాసింది. అది జరిగేసరికి క్రిస్టీ లేదు. హిక్సన్ చూపు చాలు, మాట అక్కర్లేదు. అంతకుముందు మార్గరెట్ రూథర్‌ఫర్డ్ చేసిన సినిమాలు సరదాగా ఉంటాయి గానీ ఆ పరుగులు, ఆ హడావిడి మన మిస్ మార్పుల్ కాదు.

మన దేశంలో నాకు తెలిసిన గొప్ప మిస్ మార్పుల్ బెంగాలీలో ఉంది. రితుపర్ణో ఘోష్ 2003లో తీసిన 'శుభ మహూరత్', 'ది మిర్రర్ క్రాక్డ్' నవల ఆధారంగా. రాఖీ అందులో రంగా పిషిమా (పిషిమా అంటే మేనత్త). కలకత్తా మధ్యతరగతి ఇంట్లో ఉండే ఒంటరి వితంతువు, పిల్లులు, వంట, మేనకోడలు చెప్పే కబుర్లు. ఇల్లు కదలకుండానే చిక్కుముడి విప్పుతుంది. ఇంగ్లిష్ పల్లె లేకపోయినా ఆ పాత్ర ఎంత చక్కగా నిలబడిందో చూడండి. తెలుగులో ఇలాంటి మేనత్తని డిటెక్టివ్‌గా పెట్టి ఎవరైనా నవల రాస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.

---

తెనాలి_పాఠకురాలు | మంగళవారం, రాత్రి 8:44

రాయాలి! పెళ్లిళ్ల సంబంధాలు కుదిర్చే ఆవిడైతే ఇంకా బాగుంటుంది. ఎవరి గోత్రమేదో, ఎవరి అప్పు ఎంతో, ఎవరి కూతురు ఏ ఊళ్లో ఉందో ఆవిడకు తెలియనిది ఉండదు, ప్రతి ఇంట్లోకీ అనుమతి ఉంటుంది. మీరే మొదలుపెట్టండి, మేం చదువుతాం.

---

ఓరుగల్లు_కుర్రాడు | బుధవారం, రాత్రి 9:10

అక్కా, ఇళ్లవారీగా రాసుకున్న కాగితం బాగా పనిచేసింది. సగం దాకా వచ్చాను. నా అనుమానం ఒకరి మీద గట్టిగా ఉంది, పేరు చెప్పను. దీని తర్వాత ఏది చదవాలో ఇప్పుడే చెప్పండి, వరసగా చదవాలా?

---

గోదారిగట్టు | బుధవారం, రాత్రి 10:20

వరస అక్కర్లేదు తమ్ముడూ, ఒక్కచోట తప్ప. 'నెమెసిస్' 1971లో వచ్చింది, అది చదివే ముందు 1964 నాటి 'ఎ కరీబియన్ మిస్టరీ' చదవాలి. అందులో పరిచయమయ్యే రాఫియెల్ అనే ముసలాయన వల్లే 'నెమెసిస్' కథ నడుస్తుంది. తలకిందులుగా చదివితే ఆ స్నేహం రుచి తెలియదు. 'స్లీపింగ్ మర్డర్' ఆవిడ పోయాక 1976లో అచ్చయింది గానీ రాసింది రెండో ప్రపంచయుద్ధకాలంలో, అందులో మిస్ మార్పుల్ చురుగ్గా ఉండటం చూసి తికమకపడకు.

నీకు ఇప్పుడు సరిపోయేది 'ది థర్టీన్ ప్రాబ్లమ్స్'. 1932లో వచ్చిన కథల పుస్తకం. రాత్రికో కథ చదువుకోవచ్చు. మిస్ మార్పుల్ మొట్టమొదట కనిపించిన కథ, 1927లో పత్రికలో వచ్చింది, అందులోనే ఉంది. మాజీ పోలీసు పెద్ద, లాయరు, పాస్టరు, రచయిత, చిత్రకారిణి ఒకచోట కూర్చుని తలా ఒక తేలని కేసు చెప్పుకుందాం అనుకుంటారు. మూల కుర్చీలో అల్లుకుంటున్న ముసలావిడని లెక్కలోకి తీసుకోవడం కూడా మర్చిపోతారు. మీ దగ్గర తేలని సంగతేమైనా ఉందా అంటే, ఊళ్లో ఒకావిడ కొనుక్కున్న ఒలిచిన రొయ్యలు ఇంటికొచ్చేసరికి సంచిలో లేవని ఆవిడ చెప్తుంది. గదిలోవాళ్లకు అదేం సమస్య అనిపిస్తుంది. ఆ సాయంత్రం ముగిసేసరికి మాత్రం, ఆవిడ తప్ప ఇంకెవరూ జవాబు చెప్పలేకపోతారు.

తర్వాత 'ది మర్డర్ ఎట్ ద వికరేజ్' పట్టుకో, 1930 నాటిది, మొదటి మార్పుల్ నవల. పాస్టరు గదిలోనే శవం దొరుకుతుంది, కథ చెప్పేది ఆయనే. అందులో మిస్ మార్పుల్ ఇంకొంచెం కరుకుగా ఉంటుంది, ఊళ్లోవాళ్లు ఆవిడంటే భయపడతారు. ఇరవై ఏళ్ల తర్వాతి ఈ నవలకి వచ్చేసరికి ఎంత మెత్తబడిందో నువ్వే చూస్తావు.

నీ అనుమానం ఎవరి మీదో నిర్వాహకుడు గారు తెరిచిన రెండో చర్చలో రాసిపెట్టు. అయితే నవల పూర్తయ్యేదాకా అక్కడి మిగతా పోస్టులు చదవకు.

---

ఓరుగల్లు_కుర్రాడు | బుధవారం, రాత్రి 10:31

సరే అక్కా. పేరు రాసి వెంటనే బయటికొస్తాను, పైకి స్క్రోల్ చేయను. థర్టీన్ ప్రాబ్లమ్స్ మా లైబ్రరీలో ఉందేమో రేపు అడుగుతాను.